చింతపిక్కల కాలవ

1979వ సంవత్సరం, మాఘమాసం. బందరు నుంచి గుడివాడకి పొద్దుటే బయల్దేరే ప్యాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చుని కాలేజీకి వెళ్లేదాన్ని. వరి కోసేసిన చేలల్లో మినుము పచ్చగా లేచి ఉండేది. దాని మీద మంచు, ఆ మంచులోకి మా ఇంజను వదిలే పొగ. ఏది మంచో ఏది పొగో తెలిసేది కాదు. సగం నిద్రలో ఉండేదాన్ని కాబట్టి తెలుసుకోవాలనీ ఉండేది కాదు. ఎదురు సీటులో మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ ఖాదర్ గారు మఫ్లరు చుట్టుకుని కూర్చుని, బండి కదలగానే రోజూ అదే ప్రశ్న వేసేవారు.

“ఏమ్మా, వచ్చిందా నీ కంప్యూటరు?”

“దారిలో ఉందండీ.”

“ఏ బండికి వస్తోందో కనుక్కో. స్టేషనుకి ఎదురెళ్లి తెచ్చుకుందాం.”

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు ఇప్పుడు నన్ను అడిగే ప్రశ్న కూడా ఒకటే. ఆ రోజుల్లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకుని ఏం బావుకున్నారండీ అని. మర్యాదస్తులు కాస్త మెత్తగా అడుగుతారు, అంతే తేడా. వాళ్లకి నేను ఉద్యోగాల సంగతి చెప్పను. ఒక కాలవ సంగతి చెబుతాను.

మద్రాసులో కంప్యూటర్ సైన్స్ పోస్ట్ గ్రాడ్యుయేషన్ చేసి, డిగ్రీ పట్టుకుని బందరులో దిగేసరికి ఆ చదువుకి తగ్గ పని చుట్టుపక్కల ఎక్కడా లేదు. యంత్రమే లేనప్పుడు ఉద్యోగం ఎక్కణ్ణుంచి వస్తుంది? పక్కింటి పిన్నిగారు తన రేడియో గరగరమంటోందని తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నాకు రేడియో బాగు చెయ్యడం రాదన్నాను. “మరి మద్రాసులో ఏం చదివావే?” అన్నారు, నిజంగానే అర్థంకాక. చివరికి గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరాను. ప్రిన్సిపాల్ గారిని బతిమాలి మధ్యాహ్నాలు కంప్యూటర్ కోర్సు మొదలుపెట్టాను. అన్నీ ఇచ్చారు, కంప్యూటర్ తప్ప.

పిల్లలు కోడింగ్ షీట్ల మీద, అంటే గళ్ల కాగితాల మీద, ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవారు. వాటిని పోస్టులో మద్రాసు పంపితే, మా పాత ప్రొఫెసరు గారి దగ్గర కార్డులకి చిల్లులు పొడిచి, యంత్రానికి తినిపించి, జవాబు తిరిగి పంపేవారు. అది వచ్చేసరికి అడిగిన ప్రశ్న ఏమిటో అడిగినవాడే మరిచిపోయేవాడు. ఇలా లాభం లేదని క్లాసునే యంత్రంగా మార్చేశాను. కొందరు పలకలు పట్టుకుని మెమరీ అరల్లాగా కూర్చునేవారు. ఒకరు నిలబడి ప్రోగ్రాములోని ఆదేశాలు వరసగా చదివేవారు. ఒకరు కూడేవారు, ఒకరు ఏది పెద్దదో పోల్చి చెప్పేవారు. ఎవరూ సొంత తెలివి వాడకూడదు, రాసింది మాత్రమే చెయ్యాలి. గుడివాడ పిల్లలకి అంతకంటే కష్టమైన నియమం పెట్టలేం.

ప్రోగ్రాములో ఒకే పనిని తిప్పి తిప్పి చేయించడాన్ని లూప్ అంటారు. ఎక్కడ ఆగాలో రాయకపోతే యంత్రం ఆగదు. మా వాళ్లు ఎప్పుడూ మరిచిపోయేది అదే. కూడేవాడు కూడుతూనే ఉండేవాడు. పలక తుడిచి రాసేవాడు రాస్తూనే ఉండేవాడు. కొబ్బరాకుల నీడ వరండా దాటి మెల్లగా లోపలికి పాకేది. ఆ గొంతులు జోలపాటలాగా వినిపిస్తుంటే నేనూ ఆపమని చెప్పడం మరిచిపోయేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో చెప్పులు. లోపల జరుగుతున్న తంతు కాసేపు చూసి నాకు నమస్కారం పెట్టాడు.

“కంప్యూటరు గారంటే తమరేనాండి?”

క్లాసంతా గొల్లుమంది. యంత్రం అక్కడితో ఆగిపోయింది.

ఆయన పేరు నాంచారయ్య. దివిసీమలో సముద్రం వైపు చిట్టచివర ఉండే ఊరికి పెద్ద. అంతకుముందు వారం బందరు ఎగ్జిబిషన్‌లో ‘కంప్యూటర్ జాతకం’ అని బోర్డు కట్టిన డేరాలోకి వెళ్లి, తన జాతకం వద్దు, తన ఊరి చెరువు నిండుతుందో లేదో చెప్పమన్నాడట. పెట్టెలో దీపాలు వెలిగాయి, చీటీ బయటికొచ్చింది. విదేశీయానం ఉందని రాసి ఉంది. “చెరువుకాండీ?” అని అడిగితే డేరావాళ్లు బయటికి పంపించేశారు. అక్కడే ఉన్న ఖాదర్ గారు నవ్వు ఆపుకోలేక ఆయన్ని టీకి తీసుకెళ్లి, అసలు కంప్యూటరు చదివిన మనిషి గుడివాడలో ఉందని చెప్పారట. ఖాదర్ గారి సరదాలు ఇలాగే ఉంటాయి.

నాంచారయ్యని బెంచీ మీద కూర్చోబెట్టి సంగతేమిటని అడిగాను.

“డెబ్బై ఏడు ఉప్పెనకి ముందు మా ఊళ్లో మంచినీళ్ల బావులుండేవండి. ఇప్పుడు ఏ బావి తోడినా ఉప్పే. చెరువొక్కటే దిక్కు. వేసవికి కాలవలు కట్టేసే ముందర చెరువులు నింపుకోమని నీళ్లు వదుల్తారు గదండి, అవి మాదాకా రావు. పైన ఊళ్లన్నీ తూములు బార్లా తీసి కూచుంటాయి.”

తూము అంటే కాలవ గట్టులోంచి చెరువులోకి నీళ్లు పెట్టుకునే దారి. చెక్క దింపితే మూసుకుంటుంది.

“వాళ్ల చెరువులు నిండాకైనా ముయ్యరా?” అన్నాను.

“ముయ్యరండి. నిండి పొర్లిపోయి మురుగుకాలవలో కలిసి సముద్రంలోకి పోతన్నా సరే ముయ్యరు. ఒకసారి మూస్తే మళ్లీ తియ్యనివ్వరేమోనని భయం. మేము పైన ఉంటే మేమూ అంతే చేస్తాం లెండి.”

ఇది నాకు తెలిసిన జబ్బే. నా క్లాసులో రోజూ చూస్తున్నదే.

“పోయినేడు పై ఊరి చెరువు నుంచి కావిళ్లతో మోసుకున్నామండి. ఈ ఏడు మోయలేమంటన్నారు. చెరువు నిండకపోతే మిగిలిన కాసిని కొంపలూ లేచిపోతాయండి. అందరూ తట్టా బుట్టా సర్దుకుంటన్నారు.”

“మీరూ వెళ్లిపోతారా?”

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “మా ఆడమనిషి ఆ ఉప్పెనలో పోయిందండి. దొరకలేదు. నేనెక్కడికెళ్తానండి? అందరూ పోయినా నేనుంటాను. కానీ ఒక్కడుంటే అది ఊరవుద్దాండి?”

ఆ ఆదివారం ఖాదర్ గారూ నేనూ బస్సెక్కాం. పులిగడ్డ దగ్గర కింద కృష్ణ పాయ పారుతుంటే, దాని మీదుగా కట్టిన దారిలో కాలవ పారుతుంది. నీళ్ల మీద నీళ్లు వెళ్తుంటాయి. చిన్నప్పటినుంచీ చూస్తున్నా అది నాకు కలలో కనిపించినట్టే ఉంటుంది. దివిసీమలో దిగి నాంచారయ్య వెంట కాలవ గట్టు మీద పై ఊరి నుంచి కింది ఊరిదాకా నడిచాం. సముద్రం దగ్గరయ్యేకొద్దీ తలలు విరిగిన తాటిచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. గాలి వీస్తోంది గాని చప్పుడు చెయ్యడానికి ఆకులు లేవు. చివర ఆయన ఊరి చెరువు, అడుగు నెర్రెలిచ్చి ఉంది. ఎందుకో ముగ్గురం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

తిరిగొచ్చాక ప్రోగ్రాము రాశాను. సిమ్యులేషన్ అంటారు దాన్ని. అసలు వస్తువు జోలికి పోకుండా దాని నకలుని లెక్కల్లో నడిపించి చూడటం. కాలవలోకి వచ్చే నీళ్లెన్ని, ఏ తూము ఎంత లాగుతుంది, ఏ చెరువులో ఎంత పడుతుంది, అన్నీ అంచనాగా పెట్టి మద్రాసు పంపాను. జవాబు మడతల మడతల కాగితం మీద అచ్చై వచ్చింది. పైనుంచి కిందికి నింపుకుంటూ వస్తే శివారు చెరువు, అంటే నాంచారయ్య ఊరిది, ఎండుతుంది. అదే శివారు చెరువు ముందు నింపి, దాని తూము మూసి, ఆ పై ఊరికి, తర్వాత ఆ పై ఊరికి ఇస్తూ వస్తే అన్ని చెరువులూ నిండుతాయి. ఒకే ఒక్క షరతు, నిండగానే ముయ్యాలి.

ఆ కాగితం పట్టుకుని వీరరాఘవయ్య గారి దగ్గరికి వెళ్లాను. ఆయనది అన్నిటికంటే పై ఊరు. పెద్ద రైతు. కాపురం గుడివాడలో. మా కాలేజీ కమిటీలో కూడా ఉన్నారు. నా కోర్సు గురించి కమిటీలో ఆయన అడిగే ప్రశ్న కూడా పక్కింటి పిన్నిగారి ప్రశ్నే. కాగితాన్ని చాపలాగా పరిచి, కళ్లజోడు పెట్టుకుని, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఓపిగ్గా చూశారు.

“ఇందులో నీళ్లెక్కడున్నాయమ్మాయ్?”

“ఈ అంకెలే నీళ్లండీ.”

“అంకెల్ని నమ్మి తూము మూసుకోమంటావా? సగంలో పైన నీళ్లు తగ్గాయని కాలవ కట్టేస్తే? కింది వాళ్లవి నిండుతాయి, నాది ఎండుతుంది. మా ఊరోళ్లు నన్ను గట్టెక్కనిస్తారా?”

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. అందుకే నాకు మరీ దిగులేసింది. మర్నాడు బండిలో ఖాదర్ గారితో ఆ సంగతి చెప్పి కిటికీలోంచి మంచుని చూస్తూ కూర్చున్నాను. బండి కౌతవరం దాటాక ఆయన అన్నారు.

“మద్రాసు కంప్యూటరు చెబితే ఎందుకు నమ్ముతాడమ్మా? అదేమన్నా వాళ్ల చుట్టమా? నీ దగ్గర పలకల కంప్యూటరు ఉందిగా. ఆయన్నే తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టు.”

ఆ మాట అనగానే నాకు మా ఇంట్లో అటక మీదున్న వామనగుంటల పీట గుర్తొచ్చింది. గుంట నుంచి గుంటకి చింతపిక్కలు పంచుకుంటూ వెళ్లే ఆట. చిన్నప్పుడు ఎన్ని మధ్యాహ్నాలు దాని ముందు కరిగిపోయాయో! కాలవ కూడా అదే కదా అనిపించింది.

కాలేజీకి సెలవున్న రోజు, పెద్ద హాల్లో నేల మీద సున్నంతో కాలవ గీశాం. దాని పొడుగునా ఒక్కో ఊరికి ఒక్కో ఇత్తడి చెంబు, అది చెరువు. ప్రతి చెంబు పక్కన ఒక చేట, అది మురుగుకాలవ. ఊళ్ల పెద్దలందరూ వచ్చారు. నా మీద నమ్మకంతో వచ్చారనుకోను, వీరరాఘవయ్య గారు వస్తున్నారని వచ్చారు. ఆయన తమాషా చూద్దామని వచ్చారు. పిల్లల్ని ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఎవరి ఊరి చెంబు దగ్గర ఆ ఊరి పెద్దనే కూర్చోమన్నాను. పై చివర వీరరాఘవయ్య గారు, కింది చివర నాంచారయ్య. ఖాదర్ గారు గంట కొట్టినప్పుడల్లా నేను కాలవ తలదగ్గర దోసెడు చింతపిక్కలు పోస్తాను. ఎవరి తూము తెరిచి ఉంటే వాళ్లు తమ వాటా పిక్కలు తీసుకుని మిగిలినవి కిందికి జరపాలి. చెంబు నిండినా తూము తెరిచే ఉంటే వాటా తీసుకుని చేటలో వెయ్యాలి. సొంత తెలివి వాడకూడదు.

మొదటి ఆట మామూలుగా జరిగే పద్ధతిలోనే నడిపాం. అందరి తూములూ తెరిచే ఉన్నాయి. గంట మోగుతోంది, పిక్కలు గలగలమంటూ జరుగుతున్నాయి. ఎండ కిటికీల్లోంచి పడి సున్నపు కాలవ మెరుస్తోంది. ఆ పెద్దవాళ్లంతా నవ్వడం మానేసి, పిల్లల్లాగా వంగి ఆటలో మునిగిపోయారు. వీరరాఘవయ్య గారి చెంబు నిండింది. తర్వాతి వాటా చేటలో పడింది. ఆ తర్వాతిదీ పడింది. కాసేపటికి చేట కూడా నిండి పిక్కలు నేల మీద దొర్లాయి. ఆయన వాటిని ఏరబోయి ఆగిపోయి, కాలవ కింది చివరికి చూశారు. నాంచారయ్య ఖాళీ చెంబు ముందు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

రెండో ఆట కింది నుంచి మొదలుపెట్టాం. పైవాళ్ల తూములన్నీ మూసి, పోసిన పిక్కలన్నీ నాంచారయ్యకి పంపాం. చెంబు గబగబా నిండింది. నిండిన సంగతి ఎలా తెలపాలో నేను చెప్పడం మరిచిపోయాను. ఆయన అడగలేదు. విస్తరి ముందు కూర్చున్నవాడు వడ్డించేవాళ్లకి ఇక చాలని చెప్పినట్టు, చెంబు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“చాలండి. పైవాళ్లకి పెట్టండి.”

ఆ పై ఊరి పెద్ద తన చెంబు నిండగానే తానూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పైవాడూ అంతే. అలా ఒక్కో చెయ్యీ అడ్డం పడుతూ పైకి వచ్చింది. చివరికి వీరరాఘవయ్య గారి చెంబు కూడా నిండింది. చేటల్లో పిక్కలు లేవు.

“ఇంకోసారి ఆడించమ్మాయ్,” అన్నారాయన. “ఈసారి నా వంతు మొదలవగానే గంట ఆపించు.”

ఆపించాను. మిగతా అందరి చెంబులూ నిండాయి. ఆయన చెంబు అడుగున నాలుగు పిక్కలున్నాయి. ఆయన దాన్ని ఊపి చూపించారు. “నా భయం ఇదీ. ఇప్పుడేమంటుంది నీ చదువు?”

“అలా జరగొచ్చండీ. జరగదని నేను చెప్పలేను,” అన్నాను. నిజం అదే.

అప్పుడు నాంచారయ్య తన చెంబు ఎత్తుకుని లేచి, కాలవ పొడుగునా నడిచి వచ్చి, దాన్ని వీరరాఘవయ్య గారి ముందు పెట్టాడు. “అలాగే జరిగితే మా చెరువు మీదే అనుకోండి బాబూ. పోయినేడు మీ చెరువు నుంచి మేం మోసుకున్నాం. ఈ ఏడు మీకు మేం మోసిపెడతాం.”

వీరరాఘవయ్య గారు ఆ చెంబునీ ఆ మనిషినీ మార్చి మార్చి చూశారు. పైపంచె దులుపుకుని లేస్తూ, “నా తూముకి చెక్క దగ్గరుండి నేనే దింపిస్తాను,” అన్నారు.

ఫాల్గుణంలో నీళ్లు వదిలారు. శివారు ఊరికి నేను వెళ్లేసరికి జనమంతా గట్టు మీదే ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో కాలవ మలుపు దగ్గర ముందు నురగ కనిపించింది. దాని వెనక గడ్డిపరకలు తేలుతూ వచ్చాయి, ఆ తర్వాత నీళ్లు. నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే బుడబుడమని చప్పుడైంది. నాంచారయ్య దోసిట్లో పట్టి రుచి చూశాడు. “తియ్యగా ఉన్నాయండి,” అంటూ ఏడ్చేశాడు. నాకూ కన్నీళ్లు ఆగలేదు. చెరువు నిండిన రోజున ఆయనే తూముకి చెక్క దింపి, పై ఊరికి సైకిలు మీద మనిషిని పంపాడు.

అంతా ఆటలో లాగే సాగి, చివరి ఘట్టంలో తేడా కొట్టింది. వీరరాఘవయ్య గారి చెరువు నిండుతుండగానే పైన నీళ్లు తగ్గి కాలవ కట్టేశారు. నిండు చెరువుకి మోకాలి లోతు తక్కువ పడింది. పొదుపుగా వాడుకుంటే వేసవి గడుస్తుంది, కానీ ఊరు ఊరుకుంటుందా? ఆయన నుంచి కబురొచ్చింది, వచ్చి నీ చింతపిక్కలేం చేశాయో చూసుకోమని.

భయపడుతూనే ఖాదర్ గారిని తోడు తీసుకుని వెళ్లాను. గట్టు మీద ఊరి జనం గుమిగూడి ఉన్నారు. అందరి మధ్య వీరరాఘవయ్య గారు ఒక్కరే తల వంచుకుని నిలబడ్డారు. ఆడపిల్ల మాట విని ఊరికి నీళ్లు లేకుండా చేశారని ఎవరో నాకు వినపడేలాగే అన్నారు. నేను కాలవ వైపు చూస్తున్నాను. ఎండ కాలవ గట్టు మీద నీళ్లలాగా ఊగుతోంది. ఆ ఎండమావిలోంచి ఏవో నల్లగా కదులుతూ వస్తున్నాయి. మనుషులా, నా భ్రమా అని కళ్లు నులుముకున్నాను. మనుషులే. భుజాన కావిళ్లతో, ఒకరి వెనక ఒకరు, ఆ శివారు నుంచి అంత దూరం నడిచి వస్తున్నారు. ముందు నాంచారయ్య.

ఆయన గట్టు దిగి, కావిడి దించి, మొదటి కుండ చెరువులో పోశాడు. అంత పెద్ద చెరువులో ఒక కుండెడు నీళ్లు. చిన్న చప్పుడైంది, అంతే. గట్టు మీద గొణుగుడు ఆగిపోయింది. రెండో కుండ ఎత్తబోతుంటే వీరరాఘవయ్య గారు పంచె తడుస్తున్నా చూసుకోకుండా దిగి, ఆ కుండ మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టారు.

“చాలు నాంచారయ్యా. నిండింది.”

ఎక్కడ ఆగాలో ముందు రాసుకోమని మద్రాసులో నాకు నేర్పారు. అది లెక్కలకి సంబంధించిన విషయం అనుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లకి కాలేజీకి నిజం కంప్యూటరు వచ్చింది, ఎన్నో తరగతులకి దాని మీద పాఠాలు చెప్పాను. ఏ తరగతిలోనైనా మొదటి రోజు మాత్రం చెంబూ చింతపిక్కలూ తీసుకెళ్లేదాన్ని. ఆ డిగ్రీ నాకు పనికొచ్చిందా అని అడిగేవాళ్లకి నా దగ్గరున్న రుజువు ఆ శివారు ఊరే. అది ఇవాళ్టికీ ఉంది.

ఆ గట్టు మీద నుంచి వచ్చిన మర్నాడు పొద్దున బండి కదిలింది. ఖాదర్ గారు మఫ్లరు లేకుండా వచ్చారు, చలి తగ్గింది.

“ఏమ్మా, వచ్చిందా నీ కంప్యూటరు?”

“వచ్చిందండీ,” అన్నాను. “నిన్న మీరూ చూశారుగా.”